హాజరు పుస్తకంలో ఖాళీ జాగా

మే నెల, రెండో ఆదివారం. ఉదయం పదిన్నర. క్లబ్‌హౌస్ కింది హాలు. అపార్టుమెంటు సంఘం మామూలు సమావేశం.

హాజరైనవారు: సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి, ముగ్గురు కమిటీ సభ్యులు. ఇళ్ల యజమానులు నాతో కలిపి ఇరవై ఆరుగురు. నా భార్య. కుర్చీలు సర్దిన వాచ్‌మన్.

రానివారు: మా బ్లాకు నాలుగో అంతస్తులో ఉండే రిటైర్డ్ నర్సు. నోటీసు అందింది. రావడానికి దారి లేదు.

ఆ రోజు డైరీలో పేజీ ఇలా మొదలవుతుంది. చివరి మాటలు రాసేటప్పుడు కలం ఎంత గట్టిగా నొక్కానంటే, వెనక పేజీలో కూడా ఆ అక్షరాలు తడిమితే తెలుస్తాయి.

ఆమెను కాలనీలో అందరూ సిస్టరమ్మ అంటారు. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ దవాఖానాలో పనిచేసింది. రెండేళ్ల కిందట రోడ్డు మీద జరిగిన ప్రమాదంలో నడుము కింది భాగం పట్టు తప్పింది. అప్పటి నుంచి చక్రాల కుర్చీలోనే ఉంటుంది. ఒంటరి మనిషి. అయినా సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి లిఫ్టులో దిగి, లాబీ దాటి, ర్యాంపు మీదుగా గేటు పక్కన వేపచెట్టు నీడకు వచ్చేది. ఒళ్లో బీపీ చూసే మిషను ఉండేది. ఇళ్లలో పని ముగించుకుని లింగంపల్లి బస్సు కోసం వెళ్లే ఆడవాళ్లు, గేటు కాపలావాళ్లు, నాబోటి ముసలివాళ్లు ఆమె చుట్టూ చేరేవాళ్లం. ఎవరికి ఏ మాత్ర పడదో, ఎవరి పాపకు దగ్గు తగ్గలేదో ఆమెకు కంఠతా ఉండేది. "ఉప్పు తగ్గించమన్న గద? మళ్ల పచ్చడి తిన్నవా?" అని మిషను చూడకముందే తిట్టేది. ఆ గంటన్నర ఆమెకు ఉద్యోగం లాంటిది. ఆమె మాటల్లోనే చెప్పాలంటే, "గా పని లేకుంటే నేను మంచం మీది మనిషినే సార్."

మార్చి చివర్లో మా బ్లాకు ముందు ర్యాంపును పగలగొట్టారు. పలుగు చప్పుడు విని నేనే కిందికి వెళ్లాను. కార్యదర్శి అక్కడే ఉన్నాడు. చుట్టుపక్కల గ్రామాల్లోనే పుట్టి పెరిగినవాడు, స్థలాల వ్యాపారి, పలకరింపులో ఏ లోటూ ఉండదు. "పెద్దసార్, లాబీ మొత్తం కొత్తగ చేస్తున్నం. చూడుండ్రి, ఫైవ్‌స్టార్ హోటల్ లెక్క అయితది" అన్నాడు. మరి ర్యాంపు అని అడిగితే, "గా ర్యాంపు గూడ మంచిగొస్తది, మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. నమ్మి పైకి వచ్చేశాను.

వారంలో నాలుగు నల్ల గ్రానైట్ మెట్లు వచ్చాయి. ర్యాంపు ఉన్న చోట నడుమెత్తు పూలకుండీలు మూడు వచ్చాయి. ర్యాంపు రాలేదు.

కాపలావాళ్లు కుర్చీతో సహా ఆమెను మోసి దింపడం మొదలుపెట్టారు. నాలుగో రోజుకే కమిటీ నోటీసు అంటించింది: నివాసులను మోయడం సెక్యూరిటీ సిబ్బంది విధి కాదు, ప్రమాదం జరిగితే సంఘం బాధ్యత వహించదు. సెల్లార్ నుంచి బయటికి రావచ్చుగా అన్నారు. ఆ వాలు కార్ల కోసం కట్టినది. ఒకసారి వాచ్‌మన్ అటు తీసుకెళ్లబోతే కుర్చీ వెనక్కి జారి గోడకు కొట్టుకుంది. పోనీ క్యాబ్‌ను సెల్లార్‌లోకి పిలిపించుకుందామంటే, బయటి బండ్లు సెల్లార్‌లోకి రాకూడదని నిరుడు ఈ కమిటీయే నిబంధన పెట్టింది. దారి మూసినవాళ్లూ వాళ్లే, వేరే దారిలో వెళ్లమని చెప్పినవాళ్లూ వాళ్లే, ఆ వేరే దారికి తాళం వేసినవాళ్లూ వాళ్లే.

నెల రోజులకు పైగా ఆమె కిందికి దిగలేదు. సమావేశానికి ముందు రోజు మేమిద్దరం పైకి వెళ్లాం. బాల్కనీలో కుర్చీ వేసుకుని గేటు వైపు చూస్తూ ఉంది.

"ఆ ఎర్ర చీరామె ఉన్నది చూడు, రెండు దినాల సంది కాలు ఈడుస్తున్నది. షుగరు పెరిగిందో ఏమో. ఈడికెల్లి ఒర్లితే ఇనవడదు" అంది నా భార్యతో. తర్వాత నా వైపు తిరిగి, "సార్, రేపు మీటింగుల మీరు మాట్లాడుతరా?" అంది.

"మాట్లాడతానండి. డైరీ తీసుకెళ్తున్నాను."

"నాకు గార్డెనొద్దు, లాబీ వద్దు. గా దారి ఒక్కటి మళ్ల కట్టియ్యమనుండ్రి. అంతే."

సమావేశంలో మొదటి ముప్పావు గంట పార్కింగ్ స్టిక్కర్ల రంగు గురించి మాట్లాడారు. ఆ తర్వాత నేను లేచి ర్యాంపు సంగతి అడిగాను. ఎవరిని అడిగి పగలగొట్టారన్నాను.

అధ్యక్షుడు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. నలభై అయిదేళ్లుంటాయి. ఉండేది మా బ్లాకులోనే. నవ్వు చెదరకుండా, "అంకుల్, అది జనరల్ బాడీ డెసిషన్. ఫిబ్రవరి మీటింగ్‌లో యునానిమస్‌గా పాస్ అయింది. మీరు కూడా ఉన్నారు కదా" అన్నాడు. కార్యదర్శి రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచి పెట్టాడు.

పేజీ పైభాగాన టైపు చేసి అంటించిన కాగితం: 'ప్రవేశ ద్వార సుందరీకరణలో భాగంగా పాత ర్యాంపును తొలగించుటకు సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించిరి.' దాని కింద సంతకాలు. మొదటి సంతకం నాది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "సార్‌దే ఫస్ట్ ఉంది!"

ఆ ఫిబ్రవరి ఉదయం కళ్ల ముందుకొచ్చింది. గుమ్మం దగ్గర బల్ల, రిజిస్టరు, పక్కన వేడి సమోసాల ట్రే. నేను ఎప్పటిలాగే అందరికన్నా ముందు వెళ్లాను. పేజీ పైన బెత్తెడు జాగా ఖాళీగా ఉంది. "హాజరు కోసమే పెద్దసార్, హెడ్డింగ్ తర్వాత రాస్కుంటం" అన్నాడు కార్యదర్శి. సంతకం పెట్టేశాను.

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి, సూపరింటెండెంటుగా దిగిపోయినవాణ్ని. కొత్తగా చేరిన ప్రతి గుమాస్తాకూ మొదటి రోజు నేను చెప్పిన మాట ఒక్కటే: పైన ఖాళీ వదిలిన కాగితం మీద సంతకం పెట్టకు, ముందు గీత కొట్టు. అదే మాట చెప్పిన నన్ను, ఒక సమోసా చేతిలో పెట్టి, 'పెద్దసార్' అని పిలిచి, నిలువునా ముంచారు. వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో నా మీదా అంతే వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

డైరీ తెరిచి ఫిబ్రవరి పేజీ చదివాను. ఆ రోజు చర్చకు వచ్చినవి: నీళ్ల ట్యాంకర్ల వేళలు, కుక్కల బెడద, జిమ్ తాళాలు ఎవరి దగ్గర ఉండాలి. ర్యాంపు అన్న మాటే లేదు. అది ముగిసిన గంటలోపే ఇంటికి వెళ్లి రాసుకున్న పేజీ అని చెప్పాను.

"విత్ డ్యూ రెస్పెక్ట్ అంకుల్, డైరీ మీ పర్సనల్ విషయం. రిజిస్టర్ అఫీషియల్" అన్నాడు అధ్యక్షుడు.

"సంతకం నాది. దాని నెత్తిన కూర్చున్న అక్షరాలు నావి కావు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నా భార్య చెయ్యి పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు. "ఒక మనిషి బయటికి వచ్చే దారి తీసేయడానికి నా పేరు వాడుకున్నారు. ఇంకెవరి పేర్లు వాడుకున్నారో చదవండి."

రెండో బ్లాకులో టిఫిన్ సెంటరు నడిపే ఆవిడ లేచి వచ్చి రిజిస్టరు లాక్కుంది.

"ఏంది, నేను గూడ ఒప్పుకున్ననా? ఆరోజు నేను సమోస తిని సంతకం గీకి, పొయ్యి మీద సాంబారున్నదని ఉరికిన. గా సమోసకు ఇంత రేటని తెలిస్తే నా హోటల్ల రెండు తినొస్తుంటి!"

హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"అమ్మా, జర ఆగుండ్రి" అన్నాడు కార్యదర్శి. "గిప్పుడు మెట్లు పలగ్గొట్టుమంటే అయితదా? మల్ల తీర్మానం గావాలె."

"ఎగ్జాక్ట్‌లీ" అన్నాడు అధ్యక్షుడు. "ప్రొసీజర్ ఫాలో అవ్వాలి. నెక్స్ట్ జనరల్ బాడీలో అజెండాలో పెడదాం."

"అది ఎప్పుడు?"

"నెక్స్ట్ ఇయర్ ఫిబ్రవరి అంకుల్."

పగలగొట్టడానికి ఎవరినీ అడగనవసరం లేకపోయింది. కట్టడానికి మాత్రం తొమ్మిది నెలల విధివిధానాలు గుర్తొచ్చాయి. పైగా ఆ మాట చెబుతున్నప్పుడు అతని ముఖంలో సిగ్గు లేదు, విసుగు ఉంది. భోజనానికి ఆలస్యమవుతోందన్న విసుగు.

చివర్లో హాజరు పుస్తకం చుట్టూ తిప్పారు. పేజీ పైన మళ్లీ అదే బెత్తెడు జాగా. ఇన్ని మాటలయ్యాక కూడా! నేను జేబులోంచి కలం తీసి ఆ ఖాళీకి ఈ మూల నుంచి ఆ మూలకు గీత కొట్టి, కింద 'హాజరు మాత్రమే' అని రాసి సంతకం పెట్టాను. టిఫిన్ సెంటరావిడ, ఇంకో నలుగురు కూడా తమ సంతకాల పక్కన అదే రాశారు. మిగతావాళ్లు మామూలుగా సంతకం చేసి సమోసా తీసుకుని వెళ్లిపోయారు.

సాయంత్రం సిస్టరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. గీత కొట్టిన సంగతి కాస్త గట్టిగానే చెప్పాననుకుంటాను.

ఆమె కుర్చీ నా వైపు తిప్పుకుంది. "గీత గీసి వచ్చిన్రా సార్? మంచిగుంది. నేను గా గీత మీదికెల్లి దిగుతనా?"

నా భార్య తల వంచుకుంది. సిస్టరమ్మే, "మీరు పరేషాన్ గాకుండ్రి. ఇగ నేను చూస్కుంట" అంది.

సోమవారం ఉదయం ఎనిమిదింబావు. మా బ్లాకులో అది ఆఫీసులకు పరుగెత్తే వేళ. లిఫ్టు ఆగకుండా తిరుగుతోంది. నేను పాల ప్యాకెట్టు తీసుకుని వచ్చేసరికి లాబీ అంచున, మెట్లకు సరిగ్గా అడ్డంగా సిస్టరమ్మ కుర్చీ ఉంది. చక్రాలకు బ్రేకులు వేసి ఉన్నాయి. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుంది, ఒళ్లో బీపీ మిషను ఉంది. అటో మనిషి ఇటో మనిషి ఒదిగి పోవాల్సిందే తప్ప సూటిగా దిగే వీలు లేదు. భుజాన ల్యాప్‌టాప్ సంచులతో పదిహేను మంది దాకా ఆగిపోయారు.

అధ్యక్షుడు లిఫ్టులోంచి వచ్చాడు. "ఆంటీ, ప్లీజ్. అందరికీ లేట్ అవుతోంది. కొంచెం జరుగుతారా?"

"నేను గూడ కిందికే పోవాలె బిడ్డా. దింపుండ్రి, పోత."

అతను వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ వచ్చి, చేతులు కట్టుకుని, "నోటీసుల మోయొద్దని రాసిన్రు గద సార్" అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందో లేదో నేను చెప్పలేను. ఉండాలనే కోరుకున్నాను.

"వాని నౌకరి తియ్యకు" అంది సిస్టరమ్మ. "నువ్వే ఒక దిక్కు వట్టు. నీ దోస్తు ఇంకో దిక్కు వడతడు. గిది మీరు కట్టిన మెట్లే గద."

ఆ దోస్తు, అంటే కార్యదర్శి, అప్పుడే బండి దిగి వచ్చాడు. అందరూ చూస్తున్నారు. ఒకమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుంది. అధ్యక్షుడు సంచి నేల మీద పెట్టి కుర్చీ ఎడమ వైపు పట్టాడు. కార్యదర్శి కుడి వైపు పట్టాడు. నేను వెనక పిడులు పట్టుకోబోతే, అప్పుడే పైనుంచి దిగి వచ్చిన నా భార్య నన్ను పక్కకు నెట్టి, మూడో అంతస్తు కుర్రవాణ్ని పిలిచింది. రెండో మెట్టు మీద అధ్యక్షుడి బూటు నున్నటి గ్రానైట్ మీద జారింది. కుర్చీ ఒరిగింది. సిస్టరమ్మ కిమ్మనలేదు. అతనే "అమ్మా" అన్నాడు.

నేల మీద దించాక అతని చొక్కా వీపంతా తడిసిపోయింది. సిస్టరమ్మ బ్రేకు సరిచూసుకుని, "సాయంత్రం ఏడింటికి మళ్ల ఎక్కియ్యాలె. రేపు పొద్దుగాల మళ్ల దింపాలె. ఎవరొస్తరు?" అంది.

అధ్యక్షుడు కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి ఫోను తీసి మేస్త్రీకి కలిపాడు. తొందరలో స్పీకరు నొక్కుకుపోయింది.

"ఆ మెట్ల కాడ మళ్ల ర్యాంపు కట్టాలె. ఎప్పుడొస్తవ్?" అన్నాడు.

"గప్పుడే అడిగిన గదన్నా," అంది అవతలి గొంతు, లాబీ అంతా వినపడేలా. "చక్రాల కుర్చీ అమ్మ ఎట్ల పోతదని అడిగిన. నీకెందుకురా, చెప్పిన పని చెయ్యమన్నవ్."

పలుగు పట్టిన మనిషికి తట్టిన ప్రశ్న, రిజిస్టరు పట్టిన ఒక్కరికీ తట్టలేదు. నాతో సహా.

"ఇయ్యాల్నే రా," అని ఫోను వైపు వంగి సిస్టరమ్మ చెప్పింది. కార్యదర్శి ఆమెను ఆపలేదు.

"పదింటికి వస్తనమ్మా. ముందుగాల గా పూలకుండీలు తీపియ్యుండ్రి."

అధ్యక్షుడు సంచి భుజాన వేసుకుని ఎవరి ముఖమూ చూడకుండా కారెక్కాడు. తీర్మానం సంగతి ఎత్తలేదు. నేను మాత్రం ఎత్తాను. కార్యదర్శిని అక్కడే నిలబెట్టి, ఫిబ్రవరి పేజీలో ఆ కాగితం అంటించింది తర్వాతేనని రాసి సంతకం పెట్టమన్నాను. "చూద్దాం పెద్దసార్" అని జారుకున్నాడు. ఇంకా పెట్టలేదు.

పదింటి దాకా చెట్టు కిందికి పోదామంటే సిస్టరమ్మ ఒప్పుకోలేదు. మేస్త్రీ వచ్చి పలుగు వేసేదాకా కుండీల ముందే ఉంటానంది. నేను పైనుంచి ఒక కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. ఎర్ర చీరామె గేటులోంచి వస్తూ మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"ఏం చూస్తున్నవ్? ఇటు రా," అని సిస్టరమ్మ కేకేసింది. "ఆ కాలు చూపియ్."