మూడున్నరకు చాయకు రాండ్రి

గోదావరిఖని క్వార్టర్ల లైన్లో ఎవరూ ఎవరినీ చాయకు పిలవరు. గడప మీద కూర్చుని నాలుగు మాటలు కలిపితే చాయ దానంతటదే వస్తుంది, లేదంటే రాదు. అందుకే ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా ఒక పొద్దున పూలమ్మ ఇంటింటికీ తిరిగి, "ఇయ్యాల మూడున్నరకు మా ఇంటికి చాయకు రాండ్రి" అంటుంటే, పొయ్యి మీద కూర మాడుతున్నా ఆడవాళ్లు అలాగే నిలబడి చూశారు.

"ఏందే, పుట్టినరోజా?" అంది ఎదురింటి మల్లక్క.

"ఏం లేదక్కా. ఊకెనే."

"మూడున్నర అంటే మొదటి షిఫ్టు దిగి అంజి వచ్చే యాళ్ల గద."

"ఔ. గప్పుడే రాండ్రి."

మల్లక్క కూర దించడానికి లోపలికి పోయింది. అడగడానికి ఏముంది? పూలమ్మ మొగుడు అంజి ఆ పొద్దున ఆరింటికి డ్యూటీకి బండి తీస్తూ లైనంతా వినేటట్టే అరిచాడు. "దవాఖానల నా పేరు చెప్తవానే? డ్యూటీ దిగి వస్త. ఇయ్యాల నీ రెండో చెవు సంగతి చూస్త." లైన్లో పన్నెండు ఇళ్లు. పన్నెండు ఇళ్లూ ఆ మాట విన్నాయి. ఒక్కొక్క తలుపూ మెల్లగా మూసుకుంది.

మొదటి చెవి హోలీ నాడు పోయింది. రంగులు కడుక్కుని రాత్రి అన్నానికి కూర్చున్న అంజి, నీళ్ల చెంబు ఆలస్యమైందని అరచెయ్యి తెరిచి ఎడమ చెంప మీద కొట్టాడు. ముందు ఒక హోరు, తర్వాత చెవిలోంచి సన్నగా నెత్తురు, ఆ తర్వాత ఆ పక్క ఏమీ లేదు. కంపెనీ దవాఖానలో డాక్టరమ్మ ఎట్లయిందని అడిగితే, పదహారేళ్లుగా చెప్పే జవాబు పూలమ్మ నాలుక మీదే ఉంది: బాత్రూంల జారిపడ్డ. మణికట్టు విరిగినప్పుడు అదే చెప్పింది, పన్ను ఊడినప్పుడూ అదే చెప్పింది. ఈసారి మాత్రం, ఎందుకో ఆమెకే తెలియదు, "మా ఆయన కొట్టిండు" అనేసింది. డాక్టరమ్మ రాసుకుంది. రాసుకుని, ఆ చెవి ఇక రాదమ్మా, ఉన్న చెవినైనా కాపాడుకో అని చెప్పింది. దవాఖానలో అన్న మాట గనికి చేరడానికి ఎన్నాళ్లు కావాలి? రెండు వారాలు కూడా పట్టలేదు.

పూలమ్మ ఆ క్వార్టర్లోనే పుట్టింది. తండ్రి సదయ్య ఇరవై ఏడేళ్లు భూమి లోపల బొగ్గు తవ్వాడు. ఊపిరితిత్తులు దుమ్ముతో నిండిపోయాక, పనికి పనికిరాడని కాగితం ఇచ్చి, ఆయన నౌకరి ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. కొడుకులు లేరు. ఇంటర్ చదివిన కూతురు కళ్లముందే ఉంది. కానీ ఆడపిల్లకు గని నౌకరి అడగాలన్న ఆలోచన సదయ్యకు రాలేదు, లైన్లో పెద్దమనుషులకు రాలేదు, నిజం చెప్పాలంటే పూలమ్మకూ రాలేదు. నౌకరి అల్లుడికి పోయింది. కాగితం చేతికొచ్చిన నాడు అంజి మామ కాళ్లకు మొక్కాడు. పాపం, ఆ మొక్కు నిజమే. మూడు నెలలు నిలిచింది.

అంజి పని గని పైకప్పు కూలకుండా బోల్టులు బిగించడం. పది మంది ప్రాణాలు అతని చేతుల్లో ఉంటాయి, ఆ చేతులకు లోపల మంచి పేరే ఉంది. కానీ ఏ దోస్తో నవ్వుతూ "మామ పెట్టిన నౌకరి గదరా నీది" అంటే చాలు, దానికి జవాబు అక్కడ చెప్పడు. ఇంటికొచ్చి పూలమ్మకు చెబుతాడు. చేత్తో చెబుతాడు, బూటుతో చెబుతాడు, నడుముకు కట్టుకునే వెడల్పాటి తోలు బెల్టుతో చెబుతాడు. మంచం మీద దగ్గుతూ సదయ్య అంతా చూసేవాడు. ఒకసారి లేచి అడ్డం వచ్చాడు. అంజి తోస్తే గోడకు తల తగిలి మళ్లీ మంచంలోనే పడ్డాడు. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ అల్లుడు ఇంట్లోకి రాగానే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ లైన్లో ఇంటికీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం. పూలమ్మ ఇంట్లో గిన్నె పడితే మూడో ఇంట్లో తెలుస్తుంది. కానీ తెల్లారి ఆమె వాచిన మొహంతో నల్లా దగ్గరికి వస్తే, "ఓసీల బ్లాస్టింగ్ సప్పుడనుకున్న పిల్లా" అని పక్కనున్న ఓపెన్ కాస్ట్ గని మీదికి తోసేసేవాళ్లు. మరీ మంచివాళ్లయితే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది, ఓర్చుకో అనేవాళ్లు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ సామెత కట్టినవాడు ఎన్నడూ తన్నులు తిని ఉండడు.

ఒంటిగంటకు కూతురు సహస్ర పదో తరగతి పరీక్ష రాసి వచ్చింది. ఇంకా రెండు పరీక్షలున్నాయి. అవి అయ్యేదాకా ఈ ఇల్లు విడిచి పోకూడదని పూలమ్మ పట్టుదల. కూతురికి అన్నం పెట్టి, "దోస్తు ఇంట్ల చదువుకో, చీకటైనంక నేనే వచ్చి తోల్కస్త" అని పంపించింది. ఆ పిల్ల తల్లి కుడి చెవి వైపు ఒకసారి చూసి, పుస్తకాలు తీసుకుని పోయింది.

తర్వాత పూలమ్మ ఇల్లు ఊడ్చింది. వాకిట్లో వేపచెట్టు పూతకొచ్చి చాప పరిచినట్టు పువ్వు రాలుస్తోంది. శనగలు ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి గుడాలు చేసింది. అల్లం దంచింది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆమెకు భయంగా ఉంది.

తన లైన్లో, వెనక లైన్లో ఇంటింటికీ చెబితే ముగ్గురు వచ్చారు. మల్లక్క వచ్చింది. పక్కింటి లింగవ్వ వచ్చింది. డెబ్బై దాటిన ముసలిది, చేతికర్ర లేనిదే అడుగెయ్యదు, మొగుడు పోయి పదేళ్లు. మూడో ఆమె వెనక లైన్ జానకమ్మ, మంథని ఆవిడ, భర్త కంపెనీ ఆఫీసులో గుమాస్తా. ఆచారం గల మనిషి, ఎవరింట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టదు. పిలిచినందుకు మర్యాదగా కొంగు చాటున సొంత స్టీలు గ్లాసు పెట్టుకుని వచ్చింది. పూలమ్మ అందులో చాయ పోస్తే ముందు పెట్టుకుని, చల్లారుతుంటే చూస్తూ కూర్చుంది.

మూడు నలభైకి ఓపెన్ కాస్ట్ వైపు నుంచి బ్లాస్టింగ్ వినిపించింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి, కప్పుల్లో చాయ వలయాలు తిరిగింది.

"చూడు, దినాం గిదే లొల్లి" అంది మల్లక్క.

"దినాం గిదొక్కటే అక్కా" అంది పూలమ్మ. "చీకటైనంక బ్లాస్టింగ్ పెట్టరు. నీకు ఎరుకనే. హోలీ నాడు రాత్రి ఎనిమిదింటికి నా చెవు పోయింది. గప్పుడు ఏం సప్పుడనుకున్నవు?"

మల్లక్క నోట్లో పెట్టుకోబోయిన శనగలు చేతిలోనే ఉండిపోయాయి.

"మిమ్ములను తిడుతలేను. ఇంకో పదినిమిషాల్ల గాయిన వస్తడు. పొద్దుగాల ఏమన్నడో మీరంత విన్నరు. గాయిన చెయ్యి పట్టుకొమ్మంటలేను, ఒక్క మాట మాట్లాడుమంటలేను. ఊకె కూసుండ్రి. చాయ తాగుండ్రి. నన్ను కొట్టాలంటే మీ మొకాలు చూసుకుంట కొట్టాలె, గంతే."

జానకమ్మ లేవబోయింది. "అమ్మా, నాకు బీపీ ఉన్నది. పోలీసులకు ఫోన్ చెయ్యరాదూ?"

"చేసిన అమ్మా, పోయినేడు. వాళ్లు వచ్చి లైన్ల అడిగితే ఎవ్వరు ఏం చూడలే అన్నరు."

అడిగినప్పుడు జానకమ్మ కూడా అదే చెప్పింది. లేవబోయిన మనిషి మళ్లీ కూర్చుంది.

లింగవ్వ మాత్రం కర్ర మీద గడ్డం ఆనించి, "మేం పడలేదా బిడ్డా. నలభై ఏండ్లు పడ్డ. నా ఒంటి మీద వాడు తన్నని జాగ లేదు. మొగోడన్నంక..." అంటూ ఆ మాట పూర్తి చెయ్యకుండా ఆగిపోయింది.

నాలుగింటికి అంజి వచ్చాడు. దారిలో తాగాడు, కాళ్లు మాత్రం నిలకడగానే ఉన్నాయి. గడప దాటి ముగ్గురు ఆడవాళ్లను చూసి ఒక్క క్షణం బిత్తరపోయి, వెంటనే మొహం సర్దుకున్నాడు.

"మంచిగున్నవా అవ్వా? ఏందొదినా, అందరు గిట్ల వచ్చిండ్రు? నాకు చెప్పనే లేదు ఇది." కుర్చీ లాక్కుని గుమ్మానికి ఎదురుగా కూర్చున్నాడు. "నాకూ పొయ్యి చాయ."

పూలమ్మ పోసింది. అతను తాగాడు. నవ్వుతూ మాట్లాడాడు, ఎండల గురించి, గోదావరి అవతల జైపూర్ దగ్గర తమ్ముడి పొలం గురించి. అతనికి తొందరేం లేదు. వచ్చినవాళ్లెవరైనా ఎప్పుడో ఒకప్పుడు పోవలసిందే. ఆ సంగతి అతని కళ్లలో పూలమ్మకు కనబడుతూనే ఉంది. గిన్నె ఖాళీ కాగానే ఆమె మళ్లీ నీళ్లు పెట్టింది. రెండో చాయ అయింది. మూడోది అయింది. పాలు అయిపోతే నల్ల చాయ పెట్టింది. జానకమ్మ గ్లాసులో చల్లారింది పారబోసి ప్రతిసారీ వేడిది పోసింది. మాటలు అయిపోయాయి. నలుగురు ఆడవాళ్లూ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. చాయ కోసం ఇంత యుద్ధం ఎవరింట్లోనూ జరిగి ఉండదు.

ఐదింటికి బయట నల్లా బుస్సుమంది. ఆ లైన్లో నీళ్లు వచ్చేది గంటసేపే. బిందె పెట్టకపోతే రేపటికి నీళ్లుండవు. మల్లక్క కాళ్లు తమంతట తాము కదిలాయి.

"నీళ్లచ్చినయ్ వదినా" అన్నాడు అంజి మెత్తగా. "పోండ్రి ఇగ. ఎన్ని చాయలు తాగుతరు?"

మల్లక్క లేచింది. పూలమ్మ వైపు చూడకుండా గుమ్మం దాకా వెళ్లింది. అంజికి అది చాలు. కుర్చీలోంచి ఒక్క ఊపున లేచి పూలమ్మ జుట్టు పట్టి తల ఎడమకు వంచాడు. కుడి చెవి పైకి తేలింది.

"మందిని కూసోపెడ్తవానే! డాక్టర్‌కు చెప్తవానే!"

కొట్టిన దెబ్బకు పూలమ్మ మోచెయ్యి అడ్డం పెట్టింది. ఎముక కలుక్కుమంది. రెండో దెబ్బకు చెయ్యి లేవలేదు. అతను మూడోసారి అరచెయ్యి ఎత్తినప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. ఇదే చివరి చప్పుడు అనుకుంది.

దెబ్బ పడలేదు. అంజి కేక పెట్టాడు. మంథని జానకమ్మ తన గ్లాసులో అప్పుడే పోసిన కాగే నల్ల చాయ అతని మొహాన కొట్టింది. గుమ్మం దగ్గర మల్లక్క వెనక్కి తిరిగింది. బయటికి పోలేదు, తలుపు లాగి లోపలి నుంచి గొళ్లెం పెట్టింది. వచ్చి వెనక నుంచి అతని చొక్కా పట్టి గుంజితే, కళ్లు కనబడని అంజి వెల్లకిలా పడ్డాడు.

లింగవ్వ లేచింది. కర్ర లేకుండా నిలబడలేని మనిషి ఆ కర్రనే పైకెత్తింది. మొదటి దెబ్బ ముంజేతి మీద, రెండోది మోకాలి మీద, మూడోది పక్కటెముకల మీద. "మూడు నెలల కడుపుతోని ఉంటే తంతివి! నెత్తురు పోతుంటే నీళ్లు తెమ్మంటివి! నా బిడ్డను సంపుకున్నవురా!" అంజికి ఏమీ అర్థం కావడం లేదు. మొహానికి చేతులడ్డం పెట్టుకుని "అవ్వా, వద్దవ్వా" అంటున్నాడు. ముసలిది వినడం లేదు. కర్ర నడిమికి విరిగింది. విరిగిన మొనతోనే కొడుతోంది. అంజి నుదురు చీరుకుపోయి నెత్తురు చాప మీదికి కారింది. మల్లక్క భయపడి వదిలేసింది. జానకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు చచ్చిపోతాడని పూలమ్మకు అర్థమైంది. కూసుండమంది తను, చంపమని కాదు. ఆ క్షణాన ఆమెకు మొగుడి మీద జాలి లేదు, కానీ ఈ ముసలిదాన్ని జైలుకు పంపే ధైర్యమూ లేదు.

పనిచేసే ఒక్క చేత్తో లింగవ్వ నడుము చుట్టి వెనక్కి లాగింది. "చాలు అవ్వా! అవ్వా, గాయిన నీ మొగడు గాదు! నా మొగడు!"

లింగవ్వ ఆగింది. కిందున్న మనిషి మొహంలోకి వంగి చూసింది, ఎవరో తెలియనట్టు. ఆమె చేతిలోంచి కర్ర ముక్క జారింది. మోకాళ్ల మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

"వాన్ని ఒక్కటన్న కొట్టకపోతి బిడ్డా. ఒక్కటి. మంచిగ నిద్రల పానం పోయె వానికి."

కింద అంజి మూలుగుతున్నాడు, బయట ఎవరో తలుపు బాదుతున్నారు. పూలమ్మ తియ్యలేదు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని లింగవ్వ పక్కన కూర్చుని, ఆ ఏడుపంతా కుడి చెవితో వింది.