పెద్దబాపు రేడియో, నా ఇంగ్లీషు

ఆ రోజుల్లో అబద్ధం చెప్పి బతకడం ఎంత సులువుగా ఉండేదో తలుచుకుంటే నాకు ఈ కాలపు పిల్లల మీద జాలి కలుగుతుంది. బొంబాయిలో జరిగిన నిజం మా కొండాపూర్ చేరాలంటే ముందు పట్నం రావాలి, అక్కడ అచ్చు కావాలి, ఆ తర్వాత ఎడ్లబండి ఎక్కి, నాలుగు రోజులు పాతబడి మా అరుగు మీదికి రావాలి. అబద్ధానికి ఇన్ని తిప్పలు లేవు. అది మా ఇంట్లోనే, నా నోట్లోనే తయారయ్యేది. (పన్నెండేళ్ల వయసులో నేను సత్యం తప్ప పలికేదాన్ని కాదని ఎక్కడైనా చెప్పి ఉంటే, దాన్ని కూడా ఈ జాబితాలోనే కలుపుకోండి.) ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. 'వకీలు' అనేవాళ్లు, అదీ ముద్దుగా కాదు.

మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ఊరి పట్వారీ. మా బాపు అన్న మాట జవదాటేవాడు కాదు, అందుకే ఈ కథలో ఆయనకు మాటలు లేవు. నిజాం రాజ్యం పోయి మేము ఇండియాలో కలిసి అప్పటికి మూడు నెలలు. అన్నాళ్లూ నిజాం సర్కారుకు దండాలు పెట్టిన చేతులను ఇప్పుడు ఎటు తిప్పి పెట్టాలో తెలియక పెద్దబాపు పరేషాన్‌గా ఉన్నాడు. కొత్త ఆఫీసర్లు క్రికెట్ అంటే చెవి కోసుకుంటారని ఎవరో చెప్పారు. బయటి దేశం నుంచి ఒక జట్టు వచ్చి బొంబాయిలో మన జట్టుతో ఐదు రోజులు ఆడబోతోందని, ఆటంతా రేడియోలో చెప్తారని కూడా చెప్పారు. పెద్దబాపు అక్కడికక్కడే ఇండియా జట్టుకు భక్తుడైపోయాడు. చిర్రగోనె తప్ప ఇంకో ఆట ఎరగని మనిషి, మన ఆటగాళ్ల పేర్లన్నీ ఉర్దూలో కాగితం మీద రాసుకుని పొద్దున్నే పైకి చదివేవాడు. కొలువు కోసం మొదలైన ప్రేమ వారం తిరిగేసరికి నిజమైపోయింది. (పెళ్లిళ్లలో కూడా చాలా భాగం ఇంతే.)

మా ఊళ్లో కరెంటు లేదు. రేడియో పెద్ద బ్యాటరీతో నడిచేది. అది నీరసించినప్పుడల్లా బండిలో గడ్డి పరిచి, బాలింతను తీసుకెళ్లినంత భద్రంగా పట్నం తీసుకెళ్లి చార్జి చేయించి తెచ్చేవారు. ఇంటికప్పు నుంచి తాటిచెట్టు దాకా ఒక తీగ. ఇంకో తీగ కిటికీలోంచి దిగి నేలలో పాతి ఉండేది. ఆ నేల తడిగా ఉంటే మాట బాగా వినిపిస్తుందని రేడియో అమర్చినాయన చెప్పిపోయాడు. అంతే, మా నానమ్మ రోజూ స్నానం చేసి వచ్చి అక్కడ చెంబెడు నీళ్లు పోయడం మొదలుపెట్టింది. రెండో వారానికి పసుపూ కుంకుమా కూడా పడ్డాయి.

చిక్కల్లా ఆ ఆట గురించి చెప్పేది ఇంగ్లీషులో కావడమే. ఊళ్లో ఇంగ్లీషు చదివిన ప్రాణిని నేనొక్కదాన్నే. పట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటూ సెలవులకు వచ్చాను. ఆ సెలవుల్లోనే నా చదువు మాన్పించాలని నానమ్మ కంకణం కట్టుకుంది. "ఏండ్లకేండ్లు చదివింది. నోరు తప్ప ఏం పెరిగింది దీనికి?" అని రోజుకు మూడు పూటలా అడిగేది. చివరికి పెద్దబాపు తీర్పు చెప్పాడు. "గా రేడియోల మనిషి ఏం చెప్తుండో నాకు తెలుగుల చెప్పాలె. చెప్తే పట్నం పంపుత. చెప్పకుంటే చదువు బంద్. ఇగ నా ముంగట ఆ ముచ్చట తేవద్దు." నాకు అప్పటికి వచ్చిన ఇంగ్లీషంతా ఊడ్చి కుప్ప పోస్తే, పిల్లి చాప మీద కూర్చుంది అనే దాకా వస్తుంది.

మొదటిరోజు పొద్దున రేడియో గురగురమని, గొంతు సవరించుకుని, ఒక పెద్దమనిషి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ వేగానికి నా పిల్లీ దాని చాపా కొట్టుకుపోయాయి. అరుగు మీద ఊరి పెద్దలు, గడప వెనక ఆడవాళ్లు, అందరి కళ్లూ నా మీదే. "ఏమంటుండే?" అన్నాడు పెద్దబాపు. అప్పుడే రేడియోలో చప్పట్లు మోగాయి. చప్పట్లకు ఏ భాషైనా ఒకటే కదా. "మనోళ్లు కొట్టిన్రు పెద్దబాపూ," అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగులో నాకు దారి దొరికింది. చప్పట్లు వినిపిస్తే మనవాళ్లు కొట్టారు, వినిపించకపోతే కొట్టడానికి సిద్ధమవుతున్నారు. పెద్దబాపు కాగితంలోని పేర్లు వరుసగా వాడుకున్నాను. సాయంత్రానికి మన జట్టు పరుగులు ఎన్నని అడిగితే "లెక్కవెట్టేటోడు అలిసిపోయిండట" అన్నాను. గడప వెనక అమ్మ మాత్రం నవ్వలేదు. నా అబద్ధాలన్నీ ఆమెకు పుట్టిననాటి నుంచి తెలుసు.

రెండోరోజు మద్రాసు వైపు నుంచి వచ్చిన కొత్త ఆఫీసరు జీపు దిగాడు. నెత్తిన టోపీ, ఇస్త్రీ చొక్కా. "కూసోండ్రి సార్, మా బిడ్డె ఇంగ్లీషుకు తెలుగు చెప్తది," అని పెద్దబాపు కుర్చీ వేయించాడు. "అలాగేనండి, మద్రాసులో నేను చూడని మ్యాచి లేదండి," అన్నాడాయన. చప్పట్లు మోగాయి. పెద్దబాపు నా వైపు చూశాడు. నేను "నేల ఎండినట్టుంది, సరిగ్గ ఇనవడ్తలేదు" అన్నాను. నానమ్మ చెంబు తీసుకుని పరుగెత్తింది. రేడియో ఎన్నడూ లేనంత స్పష్టంగా మాట్లాడింది. ఇక తప్పదు. "మనోళ్లు మల్ల కొట్టిన్రు," అన్నాను. పెద్దబాపు ఆఫీసరు వైపు తిరిగి "అంతేనా సార్?" అన్నాడు. ఆఫీసరు కళ్లు రేడియో మీద ఒక్క క్షణం నిలిచాయి. నాకు బాగా తెలిసిన చూపు అది. తరగతిలో టీచరు ప్రశ్న అడిగినప్పుడు నేను బల్ల వైపు చూసే చూపు. "అంతేనండి. అమ్మాయి చక్కగా చెబుతోందండి," అన్నాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను చెప్పడం, ఆయన తలూపడం. మన జట్టును ఇద్దరం కలిసి వెయ్యి దాటించాం.

ఐదోరోజు పట్నం నుంచి బండి వచ్చింది, బ్యాటరీతో పాటు పేపరు కూడా దిగింది. ఉర్దూ పేపరు, పెద్దబాపుకు కొట్టినపిండి. ఆయన చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మొదటిరోజంతా ఆడింది బయటివాళ్లే. మనవాళ్లు బ్యాటు పట్టుకోనే లేదు. వాళ్లను ఔటు చేయలేక రోజంతా ఎండలో బంతి వెంట పరుగెత్తారు.

"ఏందే ఇది?" అన్నాడు.

నానమ్మ ఎదురుచూసిన గడియ వచ్చింది. "నేను చెప్తనే ఉన్న. దీని పెట్టె లోపల పెట్టుండ్రి. ఇగ పట్నం లేదు, గిట్నం లేదు."

భయం వేసినప్పుడు నా నోరు ఇంకా పదునెక్కుతుంది. "నేను రేడియోల ఇన్నది చెప్పిన. నేనొక్కదాన్నే ఇన్ననా? రెండోరోజు సార్ గూడ ఇన్నరు. మనోళ్లు మల్ల కొట్టిన్రంటే అంతేనండి అన్నరా లేదా? నేను అబద్ధమాడితే సార్ గూడ అబద్ధమాడినట్టే. గట్లని సార్ తోని నువ్వే చెప్పు పెద్దబాపూ."

పట్వారీ పెద్దబాపు పేపరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆఫీసరు కూర్చున్న ఖాళీ కుర్చీ వైపు ఎక్కువసేపు చూశాడు. తర్వాత పేపరును నాలుగు మడతలు పెట్టి తొడ కింద పెట్టుకున్నాడు. "పేపరోళ్లకు ఏం తెల్సు," అన్నాడు. "బండి గట్టుండ్రి. పిల్లకు బడి యాళ్లయితుంది." (పాపం, ఆయనకు అన్నీ అర్థమయ్యాయని ఇప్పుడనిపిస్తుంది. ఓడిపోతున్న జట్టును ఒక్కరోజు గెలిపించిన కృతజ్ఞత కూడా అందులో కొంత ఉందేమో.)

బయలుదేరే ముందు అమ్మ నాకు జడ వేస్తూ మెల్లగా అడిగింది. "నిజం చెప్పు. ఒక్క ముక్కన్న సమజైందానే?"

"లేదు."

అమ్మ జడ గట్టిగా లాగి ముడి వేసింది. "అయితే పోయి నేర్సుకో," అంది.

నేర్చుకున్నాను. ఎంత నేర్చుకున్నానంటే, ఇప్పుడు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నాను. విద్యార్థులు ఏదైనా వాక్యానికి అర్థం అడిగితే నిఘంటువు తీసి, రెండుసార్లు చూసి, "ఇలా కూడా అనుకోవచ్చు" అని నసుగుతాను. ఒక్క ముక్క రాకుండా ఊరందరి ముందు అంత గట్టిగా మాట్లాడిన ఆ పిల్ల ఇవాళ నా తరగతికి వస్తే మార్కులు మాత్రం వేయను. పాఠం చెప్పడం ఆపి, కాసేపు దాని మాటలు వింటాను.