నిషాదం లేని కల్యాణి

మా సంగీతం సార్ పాట కట్టే ముందు శిష్యుడి గొంతును దర్జీ కొలత తీసుకున్నట్టు చూసేవాడు. నిజామాబాద్‌లో ఒక పసుపు దుకాణం మీది అద్దె గదిలో ఆయన బడి. మెట్లెక్కేసరికి తుమ్ములు, ఆ తర్వాతే సరిగమలు. ఊపిరి చాలని పిల్ల వస్తే పొట్టి పొట్టి పాదాల కీర్తన కట్టేవాడు. బీడీలు చుడుతూ పాడుకునే అక్క ఒకామె ఉండేది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఆమెకు కాలితో తాళం వేసుకునే పాట కట్టాడు. పెద్దవాళ్లు ఇప్పుడు వాటిని ప్రయోగాలు అంటున్నారు. అప్పుడు మాకవి కుట్టించుకున్న అంగీలు.

నా కొలతలో తేడా నిషాదం దగ్గర వచ్చింది. ధైవతం దాకా మనిషిలాగే పాడతాను. 'ని' రాగానే గొంతు గట్టెక్కే చెరుకు లారీలా మూలిగి, అక్కడే ఆగి, వెనక్కి జారుతుంది. సార్ చాలా నెలలు తోశాడు. చివరికి, "నువ్వెక్కవ్ గని, నేనే రోడ్డు మారుస్త" అని కల్యాణి రాగంలో నాకో కీర్తన కట్టాడు. మొదటి నుంచి చివరి దాకా అందులో నిషాదం లేదు.

కల్యాణిలో నిషాదం లేకపోవడమంటే పప్పులో ఉప్పు లేకపోవడమే. అయినా పాట ఎంతో అందంగా కుదిరింది. ఆ అందమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

పట్టణంలో సార్‌కు సన్మానం పెట్టి, నన్ను ఆ పాటే పాడమన్నారు. బోధన్‌లో కిరాణా దుకాణం మూసి మా బాపు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. కొడుకు గొంతులో ఒక స్వరం తక్కువని ఆయనకు తెలియదు. తెలియకుండా ఈ సాయంత్రం గడిస్తే చాలనుకున్నాను.

పాడాను. చప్పట్లు మోగాయి. ఎవరో టేప్‌రికార్డర్‌లో ఎక్కించుకున్నారు కూడా. హైదరాబాద్ నుంచి వచ్చిన విద్వాంసుడు మైకు అందుకుని, "నిషాదాన్ని త్యజించి కల్యాణిని నిలబెట్టడం! ఇది స్వరసన్న్యాసం!" అని గద్గద స్వరంతో అన్నాడు. నా గొంతు జబ్బుకు అంత పెద్ద పేరుందని నాకప్పుడే తెలిసింది. సిగ్గుతో తంబూర వెనక దాక్కుందామని చూశాను. తంబూర మరీ సన్నగా ఉంటుంది.

ఆయన సార్ వైపు తిరిగి, "ఈ ఆలోచన మీకెలా వచ్చింది?" అని అడిగాడు.

"ఆలోచన గాదండి. మా పిల్లగానికి నిషాదం రాదు. గందుకే పెట్టలే," అన్నాడు సార్.

హాలంతా పగలబడి నవ్వింది. "ఎంత వినయం!" అన్నాడు విద్వాంసుడు. నవ్వనివాళ్లం సార్, నేను. బాపు నవ్వాడు గానీ, ఆలస్యంగా మొదలుపెట్టి తొందరగా ఆపాడు.

బస్టాండ్‌లో బోధన్ బస్సు కోసం నిలబడ్డాం.

"ఏది, గా స్వరం ఒక్కపారి అను," అన్నాడు బాపు.

"గిక్కడనా? జనం సూస్తరు బాపు."

"గిప్పటిదాంక సూడలేదా? అను."

అన్నాను. ఎప్పట్లాగే జారింది. పక్కనే నవీపేట్ బస్సు కోసం కూర్చున్న అవ్వ ఒకామె తన సంచీని దగ్గరికి లాక్కుంది.

"మంచిగనే ఉన్నది గదరా!" అన్నాడు బాపు. "సార్‌కు పెద్దతనం వచ్చె. చెవులు పోతున్నయ్ పాపం. రేపు దుకాణంల అందరికీ చెప్త, ఆయన మాట పట్టించుకోకుండ్రి అని."

ఊరుకుంటే నా పరువు మిగిలేది. సార్ చెవులు పోయేవి.

"సార్ చెవులకేం గాలే బాపు. నాకే రాదు. నిజంగనే రాదు."

బాపు బస్సు వచ్చే దిక్కు చూశాడు. "మరి గంతమంది చప్పట్లెందుకు కొట్టిండ్రు?"

"సార్ కట్టిన పాటకు."

"నువ్వేం జేసినవ్ మరి?"

"రాని కాడికి పోలే. గంతే."

ఆయన భుజం మీది తువ్వాల తీసి దులుపుకున్నాడు. తిట్టినా బాగుండేది, తిట్టు మీద ఏదో ఒక జోకు వేయొచ్చు. ఇంతలో బస్సు వచ్చింది. బాపు ముందెక్కి కిటికీ పక్కన కూర్చుని, పక్క సీటు మీద తువ్వాల వేశాడు. ఎవరో తీయబోతే, "మా పిల్లగాడు వస్తుండు" అంటున్నాడు. కండక్టర్ లోపలికి తోసేదాకా నేను మెట్టు మీదే నిలబడ్డాను.