నాలుగు పాదాలకు ఒక జత

తమిళనాట గాంధీపురంలోని ఒక పెద్ద బట్టల దుకాణంలో పగటి కావలివాడు కుప్పుసామి. అతని కోపం ప్రతి ఉదయం బూట్ల దగ్గరే మొదలయ్యేది. రాత్రి కాపలా ముగించిన ఆండియప్ప వాటిని విప్పి ఇచ్చేసరికి లోపల ఇంకా వెచ్చగా, చెమ్మగా ఉండేవి. ఇద్దరి పాదాలూ ఒకే కొలత గనుక ఒక జత చాలునని మేనేజరు నాగరాజన్ తీర్మానించాడు. సొంత బూట్లు తొడిగితే యూనిఫారం చెడుతుందట. జత అనగా రెండు. వ్యాకరణం అంతవరకే చెప్పింది. ఆ రెండింటిలో నాలుగు పాదాలు కాపురం చేస్తాయని ఏ వైయాకరణుడు ఊహించాడు?

మొదట చిటికెన వేలి సందున దురద పుట్టింది. తరువాత చర్మం నానిన బియ్యంలా తెల్లబడి, చీలి, కంపు కొట్టసాగింది. భార్య అముద రోజూ పొద్దున్నే కొబ్బరినూనెలో పసుపు రంగరించి పూసేది. అతడు దానిమీదే నైలాను మేజోళ్ళు తొడిగేవాడు. చెమ్మ మరింత పెరిగింది. మందుల అంగడివాడు దురదకని ఇచ్చిన పూతతో ఎరుపు చల్లారినట్లే చల్లారి, వలయాలై పాదం మీదికి పాకింది.

దీపావళి సరుకు దిగుతున్న రోజున, చీరల మూటలు పట్టు విభాగానికి మోయమన్నారు. అక్కడ పరుపుల మీద చెప్పులతో అడుగు పెట్టరాదు. కుప్పుసామి గడప దగ్గర బూట్లు విప్పగానే చీరలు చూస్తున్న ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

కుప్పుసామికిలాగే నాగరాజన్‌కూ ఇంటిభాష తెలుగే. దుకాణంలో మాత్రం తమిళం తప్ప పలకడు. కొనేవాళ్ళకు అర్థం కాకుండా తిట్టవలసినప్పుడే అతనికి తెలుగు గుర్తుకొచ్చేది.

"ఏమిరా కుప్పా, నీ కాళ్ళ నాత్తం పట్టుకోకలకే పట్టేట్టుంది. ఆయుధపూజ అయినాక కూడా ఇట్లే ఉంటే వేలైకి రావద్దు, నీ పని పోయినట్టే."

కుప్పుసామి సింగానల్లూరు డాక్టరమ్మ ఆనంది దగ్గరికి వెళ్ళాడు. ఆమె మందు మార్చింది. తగ్గినట్లు కనిపించినా మధ్యలో మానవద్దంది. నూనె వద్దు, వేళ్ళ సందులు తుడిచి ఆరనివ్వాలి, ఉతికిన నూలు మేజోళ్ళు రోజూ మార్చాలి అని చెప్పింది.

"బూట్లు ఎన్ని జతలు?"

"ఒకటేనమ్మా. అదీ ఇద్దరికి."

"ఒకరి బూట్లు ఒకరు తొడిగితే నేనేమి రాసినా దండగే. రెండు జతలుంటే ఒకటి తొడిగిన రోజు ఇంకొకటి ఎండకు పెట్టు."

ఆ మాటే నాగరాజన్‌తో అంటే నవ్వాడు. "రాజావారికి పూటకొక జతనా?"

ఇంటికొచ్చి కుప్పుసామి అన్నం ముట్టలేదు.

"ఎవురి మీద కోపం మామా, కూటి మీదనా?" అంది అముద.

కుప్పుసామి తాత అన్నూరు రైతుల మోటబావులకు తోలుబానలు, వాళ్ళ కాళ్ళకు చెప్పులు కుట్టేవాడు. ఆయుధపూజనాడు తోలు కుట్టే ఆరెనూ, దాని పక్కన సగం కుట్టిన చెప్పునూ పెట్టి కుంకుమ అద్దేవాడు. కూడు పెట్టేదే ఆయుధమని ఆయన మాట. అన్నం ముందు కూర్చున్న కుప్పుసామికి అదే జ్ఞాపకం వచ్చింది.

పూజనాడు దుకాణంలో కత్తెరలు, టేపులు, బిల్లు యంత్రాలు గంధం పూసుకుని వరుసగా ఉన్నాయి. ఆ వరుస చివర కుప్పుసామి నల్లబూట్లు పెట్టి కుంకుమ అద్దాడు. హారతి పళ్ళెం పట్టిన మొదలాళి, దుకాణం యజమాని, చెయ్యి ఆపేశాడు.

"బుద్ధి ఉందారా? సామి ముందర చెప్పులా?" అన్నాడు నాగరాజన్ తెలుగులో, గొంతు తగ్గించి.

కుప్పుసామి గొంతు తగ్గించలేదు. అక్కడున్న వాళ్ళందరికీ తెలిసేలా తమిళంలోనే బదులిచ్చాడు. "నాకు కూడు పెట్టేది ఇదే సార్. పగలు నేను, రాత్రి ఆండియప్ప, ఇద్దరమూ తొడిగేది. మీరు ఒక్క పూట తొడిగి వాకిట నిలబడండి. కంపు నాదని తేలితే నేనే పోతాను."

వెనక నిలబడిన ఆండియప్ప ముందుకొచ్చి తన పాదం చూపాడు. దాని వేళ్ళ సందులూ అలాగే చీలి ఉన్నాయి.

మొదలాళి పళ్ళెం ఎత్తనే లేదు. "ముందు వాటిని తీయించు. ఒక్కొక్కరికి రెండు జతలు ఇవ్వు, ఈరోజే," అన్నాడు నాగరాజన్‌తో.

సాయంత్రం కొత్త బూట్లు తొడుక్కున్నా కుప్పుసామి కోపం చల్లారలేదు. పుండు చూసి కరగని మనసులు పూజ మైలపడుతుందంటే కరిగాయి. పాత జతను తెచ్చి, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా దుకాణం వాకిట గోడమీద పెట్టాడు. కుంకుమ మాత్రం తుడవలేదు.