ఎర్ర సిరా కొట్టేసిన మూడు జవాబులు

ఆ మూడు సంఖ్యలు నన్ను ఇప్పటికీ వదల్లేదు. వాటిని ఎర్ర సిరాతో కొట్టేసింది నేనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మంగళగిరి వైపున్న ఓ ఇంజనీరింగ్ కాలేజీలో ఫైనలియర్ వాళ్లకు హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ చెప్పేవాణ్ణి. ఒకే పనిని ముక్కలుచేసి ప్రాసెసర్లకు పంచి, త్వరగా పూర్తిచేయించడం ఆ సబ్జెక్టు. అది నాకూ కొత్తే. ఇవాళ చదువుకుని రేపు చెప్పేవాణ్ణి, గొంతు మాత్రం పదేళ్ల అనుభవమున్నవాడిలా పెట్టేవాణ్ణి.

మొదటి ప్రోగ్రాం, ఒకటి నుంచి పది లక్షల దాకా సంఖ్యలన్నిటినీ రెండు ప్రాసెసర్ల చేత కూడించడం. మా ల్యాబుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. మెషీన్ ఏమిచ్చినా సరే, రికార్డులో మాత్రం రావలసిన జవాబే ఉండాలి. అందరూ సూత్రంతో లెక్కకట్టి చక్కగా రాసుకొచ్చారు, ఒక్కమ్మాయి తప్ప. కంకిపాడు నుంచి రెండు బస్సులు మారి వచ్చే రైతుబిడ్డ ఆమె. ప్రోగ్రాంను మూడుసార్లు నడిపి, వచ్చిన మూడు వేర్వేరు జవాబులనూ ఉన్నవున్నట్టు రాసింది.

కొట్టేసి, మళ్లీ రాసుకు రమ్మన్నాను. ఆమె కదల్లేదు.

"తప్పొస్తోందని తెలుసండీ. కానీ ప్రతిసారీ వేరేగా ఎందుకొస్తోంది సార్?"

నాకు తెలియదు. తెలియదనడానికి నోరు రాలేదు, క్లాసంతా చూస్తోంది మరి. ముందు ప్రోగ్రాం సరిగ్గా రాయడం నేర్చుకోమని కసిరాను. రికార్డులో నా సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు రానివ్వరు. మర్నాడు పక్కమ్మాయి రికార్డు చూసి రాసుకొచ్చింది. సంతకం పెట్టాను.

రెండు వారాలకు ఓ పుస్తకంలో కారణం దొరికింది. ఇద్దరు ఒకే పలక మీది మొత్తాన్ని ఒకేసారి చూసి, ఎవరి లెక్క వాళ్లు కూడి రాస్తే, ఒకరు రాసింది రెండోవారి చేతికింద చెరిగిపోతుంది. ప్రాసెసర్లూ అదే చేస్తున్నాయి. ఎప్పుడు ఎవరిది చెరుగుతుందో చెప్పలేం కనుక జవాబు మారుతోంది. ఆమె పట్టుకున్నది ఆ సబ్జెక్టుకే ప్రాణం లాంటి ప్రశ్న. ఆమె రోజూ మొదటి బెంచీలోనే కూర్చునేది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ సెమిస్టర్ గడిపేశాను. ఆమె మళ్లీ ఏమీ అడగలేదు. నాకది హాయిగానే ఉండేది, చెప్పుకోడానికి సిగ్గేస్తోంది.

ప్రాక్టికల్ రోజున ఆమెకు ఆ ప్రోగ్రామే వచ్చింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు దాన్ని రెండుసార్లు నడిపించారు. రెండు జవాబులొచ్చాయి. రికార్డులో ఆ రెండూ కాక, పక్కమ్మాయిది చూసి రాసిన మూడోది ఉంది. ఎందుకిలా వస్తోందమ్మా అని ఆయన మెత్తగానే అడిగారు.

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

"నేనే ఎక్కడో తప్పు చేసుంటానండీ."

ఆయన నా వైపు తిరిగి, అంతేనా అన్నట్టు చూశారు. నేను తలూపాను.