అతుకు లేని బాతు

మా ఇంట్లో కూరలోకి పసుపు కావాలంటే దుకాణంలో పొట్లం కొనాల్సిందే. హాల్లో అద్దాల షోకేసు నిండా పసుపు కొమ్ములున్నా ఒక్కటి కూడా ముట్టుకోవడానికి వీల్లేదు. "పొయ్యి మీదికి చిటికెడు లేదు గని బీరువాల అయిదు కిలోలున్నది" అని మా ఆయన వచ్చిన చుట్టానికల్లా చెప్తాడు. చుట్టాలు నవ్వుతారు. మొన్నటి ఎండాకాలం దాకా వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని.

ఒక్కొక్కరిది ఒక్కో పిచ్చి. నాది రూపం ఉన్న పసుపు కొమ్ములు ఏరడం. పసుపు భూమిలో తనకు తోచినట్టు పెరుగుతుంది, అల్లం లాగే. కుప్పలో ఓపిగ్గా వెతికితే ఒకటి ఏనుగు లాగా, ఒకటి తాబేలు లాగా, ఇంకొకటి నడుం మీద చెయ్యి పెట్టుకుని కయ్యానికి వచ్చిన మనిషి లాగా కనబడుతుంది. అట్లాంటివి నా దగ్గర ముప్పై నాలుగు పోగయ్యాయి. ఒక్కోదాన్ని మిఠాయి డబ్బాలో దూది పరిచి పెట్టి, పక్కన చీటీ మీద పేరు రాసేదాన్ని. 'స్కూటర్ మీద ముగ్గురు', 'దవాఖాన లైన్లో ముసలాయన', 'అత్తగారి చూపు'. ఎవరి అత్తగారో ఎవరు అడిగినా చెప్పలేదు. పురుగు పట్టకుండా కర్పూరం బిళ్ళలు వేసేదాన్ని. ప్రతి ఎండాకాలం అన్నింటినీ డాబా మీద పరిచి, కాకులు రాకుండా గొడుగు పట్టుకుని కూర్చునేదాన్ని.

నాకు ఒకటే నియమం. కొమ్ముకు కత్తి తగలకూడదు, గరుకు కాగితం తగలకూడదు. చెక్కేవాళ్ళు శిల్పులు, వాళ్ళ సంగతి వేరు. నేను చూసేదాన్ని మాత్రమే. భూమి చేసిన బొమ్మకు పేరు పెట్టడమే నా పని. ఈ మాట ఎన్నిసార్లు చెప్పానంటే, నేను నోరు తెరవగానే మా అమ్మాయి మిగతాది అప్పచెప్పేది.

నేను కంఠేశ్వర్‌లో ఒక చిన్న దవాఖాన ల్యాబులో పరీక్షలు చేస్తాను. రోజంతా మైక్రోస్కోపులో తల పెట్టి కూర్చునే ఉద్యోగం. అందుకని నా కన్నును ఎవరూ మోసం చెయ్యలేరని నాకో పొగరు. అది ఇంటిల్లిపాదికీ తెలిసిన పొగరే.

ఈ పిచ్చి అంటించింది బాపు, మా నాన్న. మాది రెంజల్ దిక్కు ఊరు, చెరకు వేసే ఇల్లు. పసుపు మా దగ్గర పండదు. నేను ఆరో తరగతిలో ఉండగా బాపు మా అక్కకు సంబంధం చూడటానికి మోర్తాడ్ దిక్కు పోయి వచ్చాడు. సంబంధం కుదిరిందని అమ్మ సంబరపడుతుంటే నేను గడప మీద కూర్చుని ఒకటే ఏడుపు. అక్క పోతే నాకు జడ ఎవరు వేస్తారు? బాపు అంగీ జేబులోంచి ఒక పసుపు కొమ్ము తీసి నా చేతిలో పెట్టాడు. అచ్చం బాతు. బొద్దుగా పొట్ట, వంపు తిరిగిన సన్నని మెడ, ముక్కు కూడా ఉంది.

"అక్కను ఇచ్చి బాతును తెచ్చిన. సూడు, భూమిల పుట్టిందే గిట్ల" అన్నాడు.

ఏడుపు ఆగింది. బాపు మామూలుగా చాలా అబద్ధాలు చెప్పే మనిషి. బోధన్ నుంచి చెరకు బండి కొట్టుకుని వస్తే, దారిలో ఎద్దులు తనతో ఏం మాట్లాడాయో గంటసేపు చెప్పేవాడు. మేం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. బాతు సంగతి మాత్రం నిజమని నాకు తెలుసు, ఎందుకంటే అది నా చేతిలో ఉంది. బాపు పోయి చాలా ఏళ్ళయింది. షోకేసులో పై అరలో మొదటి డబ్బా ఆ బాతుదే.

నా పెళ్ళి తర్వాత ప్రతి ఏడూ పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఒక ఆదివారం మేం ముగ్గురం అక్క వాళ్ళ ఊరికి పోయేవాళ్ళం. మాకు అదే విహారయాత్ర. దారిలో ఆర్మూర్‌లో ఆగి మిర్చీ బజ్జీలు తినేవాళ్ళం. అక్కడికి చేరగానే నేను చెప్పులు విడిచి కళ్ళంలో కుప్ప ముందు కూలబడేదాన్ని. మా ఆయనా బావా మంచం మీద కూర్చుని పేపరు చదివేవాళ్ళు. అక్క చాయ్ తెచ్చి నా పక్కన పెట్టి, "ఇటు తిరుగు, నా మొఖం సూసి నాలుగు మాటలన్న మాట్లాడు" అనేది. నేను కుప్పలోంచి తల తిప్పకుండానే "ఆ, చెప్పక్కా" అనేదాన్ని.

ఒక ఏడాది సాయంత్రం దాకా వెతికినా ఒక్కటి దొరకలేదు. ముఖం మాడ్చుకుని ఇంటికి వచ్చాను. మరుసటి ఏడు డ్యూటీ ఉందని పోలేదు. డ్యూటీ ఉన్న మాట నిజమే, మార్చుకోగలిగిన డ్యూటీ అన్నదీ నిజమే.

ఆ పై ఏడు నుంచి రోజులు మారాయి. మేం పోయేసరికి బావ చేతిలో మిఠాయి డబ్బా సిద్ధంగా ఉండేది. "మరదలా, కూలోళ్ళకు చెప్పి ఏరిపిచ్చిన, సూడు" అనేవాడు. ఆ కొమ్ములు చూస్తే నాకు మతి పోయేది. తాళ్ళు పేనుతున్న ఆడమనిషి, మద్దెల వాయించే కోతి. అన్నింటికన్నా మిన్న, చంకలో బిడ్డను ఎత్తుకున్న తల్లి. బిడ్డ ఒక చెయ్యి తల్లి మెడ చుట్టూ వేసి ఉంది. అన్నం తిన్నాక అందరం చాప మీద కూర్చుంటే, నేను ఒక్కోటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి పేరు పెట్టేదాన్ని. అక్క, బావ, మా ఆయన, మా అమ్మాయి నలుగురూ నా ముఖం వైపే చూసేవాళ్ళు. నా పిచ్చి వీళ్ళకూ అంటుకుందని ఎంత మురిసిపోయానో. అట్లా అయిదేళ్ళలో పంతొమ్మిది కొమ్ములు వచ్చాయి.

మొన్న ఎండాకాలం సెలవులకు ముందు మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల అభిరుచుల ప్రదర్శన పెట్టారు. నేను అందరికన్నా ముందు పేరు ఇచ్చాను. "అమ్మా, నువ్వు ఊలు అల్లికలు పెట్టరాదే, గవి గూడ మంచిగుంటయి గదా" అంది మా అమ్మాయి. "గివన్ని ఎందుకు మోసుకపోవుడు, దారిల విరిగిపోతయి" అన్నాడు మా ఆయన. నా కొమ్ములంటే వాళ్ళకు నామోషీ అనుకుని ఇద్దరినీ కడిగిపారేశాను.

నా బల్ల దగ్గర జనం బాగానే గుమిగూడారు. బిడ్డను ఎత్తుకున్న తల్లిని ముందు వరసలో పెట్టి, వచ్చిన టీచర్లకల్లా నా నియమం చెప్తున్నాను. అప్పుడు మనుమరాలి చెయ్యి పట్టుకుని ఒక అవ్వ వచ్చింది. వేళ్ళ సందుల్లో పసుపు రంగు చూస్తేనే తెలుస్తోంది, ఏళ్ళ తరబడి కళ్ళాల్లో పని చేసిన మనిషి. తల్లీబిడ్డల బొమ్మను తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"బిడ్డా, గిది డ్రమ్ముల ఏసినంక తీసిందేనా?" అని అడిగింది.

ఉడికించి ఎండబెట్టిన పసుపును పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని, పైన పొట్టు సూరగా రాలిపోయి నిగనిగలాడతాయి. నేను గర్వంగా, "అవునవ్వా, ఎట్ల మెరుస్తుందో చూడు" అన్నాను.

"డ్రమ్ముల తిరిగితె గింత సన్నం చెయ్యి ఆగది బిడ్డా. విరిగి సూరల కలుస్తది. ఎవరో అంటిచ్చిండ్రు దీన్ని. మంచిగ అంటిచ్చిండ్రు" అంది.

ఎగతాళిగా అనలేదు. పనితనం మెచ్చుకున్నట్టే అని, బొమ్మను జాగ్రత్తగా దూదిలో పెట్టి, మనుమరాలితో పక్క బల్ల మీది స్టాంపులు చూడటానికి పోయింది. టీచర్లు నా వైపు చూశారు. నేను మా అమ్మాయి వైపు చూశాను. అది ఆశ్చర్యపోలేదు. తల దించుకుని నేల చూస్తోంది. అవ్వ మాట నేను నమ్మేదాన్ని కాదేమో, ఆ దించిన తల చూశాక నమ్మక తప్పలేదు.

మరునాడు పొద్దున రోగులు రాకముందే ల్యాబులో గాజు బీకరు నిండా నీళ్ళు పోసి తల్లీబిడ్డలను అందులో వేశాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచే వేళకు బిడ్డ తల్లి చంక దిగి బీకరు అడుగున పడుకుని ఉంది. అతుకు దగ్గర జిగురు పొరలా లేచింది. చెక్క పనికి వాడే తెల్ల జిగురులో పసుపు పొడి కలిపి పూశారు. ఆ వారమంతా బావ డబ్బాల్లో వచ్చినవన్నీ ఒక్కొక్కటే నీళ్ళలో వేశాను. కోతి మద్దెల వదిలేసింది. స్కూటర్ మీది ముగ్గురూ తలా ఒక దిక్కు అయ్యారు. పంతొమ్మిదికి పంతొమ్మిది విడిపోయాయి. ఊరందరి రక్తంలో ఏముందో చెప్పే నేను, నా ఇంట్లో నా కళ్ళ ముందు అయిదేళ్ళు జరిగింది చూడలేకపోయాను.

ఇంట్లో అడిగితే మా ఆయన, "గంత మనసుకు తీసుకునేదేమున్నది, నువ్వు ఖుష్ అయితవని చేసిండ్రు" అన్నాడు. ఆయనకు మొదటి ఏడు నుంచీ తెలుసట.

ఆదివారం ఒక్కదాన్నే బస్సెక్కి అక్క దగ్గరికి పోయాను. విడిపోయిన ముక్కలన్నీ సంచిలో వేసుకుపోయి ఆమె ముందు కుమ్మరించాను. బావ ఏదో పని గుర్తొచ్చినట్టు పెరట్లోకి జారుకున్నాడు. అక్క ఒక ముక్క చేతిలోకి తీసుకుని అతుకు చూసింది. అప్పుడు అర్థమైంది, చేసింది బావ కాదని. చిన్నప్పుడు నా జడ పాయల్లో ఒక్క వెంట్రుక తప్పిపోనిచ్చేది కాదు అక్క. ఆ చేతులే ఇవీ చేశాయి.

"ఎందుకు చేసినవక్కా?"

"కొమ్ములు దొరకని ఏడు మొఖం మాడ్సుకొని పోతివి. మరుసటేడు రానే రాకపోతివి. కొమ్ములుంటెనే మా చెల్లె అస్తదని సమజైంది. లేకుంటె చేసి పెడ్దమనుకున్న."

"దొరకలేదని చెప్తే అయిపోతుండె."

"చెప్తె అస్తుంటివా?"

రాకపోయేదాన్నే. అది నాకు తెలిసినంత మాత్రాన కోపం పోదు కదా.

"అందరు కూసొని నవ్వుకున్నరు కదా నన్ను చూసి" అన్నాను.

"నవ్వినం. నవ్వమా మరి? గా కోతికి నువ్వు పేరు పెడుతుంటె మీ బావకు పొలమారింది" అని, నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. నా ముఖం చూశాక ఆపింది. ఆ నవ్వు నేను మర్చిపోలేను. చాప మీద నలుగురూ నా ముఖం ఎందుకు చూసేవాళ్ళో ఆ నవ్వులో తెలిసింది. అక్కడ ప్రదర్శనకు పెట్టింది కొమ్ములను కాదు, నన్ను.

"నా పిచ్చి నీకు నవ్వులాట. బాపు అట్ల నవ్వలేదు నన్ను. ఉన్నది ఉన్నట్టు చేతిల పెట్టిండు" అన్నాను, సంచి దులుపుకుంటూ.

అక్క ముఖం ఎర్రబడింది. "నీ ఒక్కదానికేనా బాపు? నేను ఆయన బిడ్డను గానా? నీ ఏడుపు ఆపనీకి బాపు ఏం చేసిండో నీకేం ఎరుక? నీ బాతు సుత గట్లనేనేమో" అంది.

చాయ్ తాగకుండా వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎద్దులతో మాట్లాడే బాపు గురించే ఆలోచించాను. చెరకు పిప్పితో మాకు బండ్లు చేసి ఇచ్చింది ఆ మనిషే. కొమ్ముకు కొమ్ము అంటించడం ఆయనకు ఎంతసేపు? తుమ్మబంక మా పెరట్లోనే దొరికేది. ఆర్మూర్ దాటేసరికి ఆ బాతు మెడ దగ్గర సన్నని గీత ఉన్నట్టే నాకు గుర్తుకు రాసాగింది. ఉందో లేదో నిజంగా తెలియదు. నలభై దాటిన దాన్ని, బాపు మీద నాకు అనుమానం రావడం అదే మొదలు.

ఇంటికి రాగానే చెంబులో నీళ్ళు పోసి బాతును వేశాను. వెయ్యొద్దని ఎవరూ అనలేదు. ఆ రోజు నాతో మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు. మరునాడు సాయంత్రం దాకా అట్లాగే ఉంచాను. విడిపోలేదు. మెడను వేలితో నొక్కి చూశాను, గోటితో గీకి చూశాను. పొట్ట నుంచి ముక్కు దాకా ఒకటే కొమ్ము. బాపు చెప్పింది నిజం.

బట్ట మీద పెట్టి డాబా మీద ఆరబెట్టాను. రెండో రోజు చూసేసరికి నానిన కొమ్ము ఎండలో బిగుసుకుని, మెడ దగ్గర నెర్రె కొట్టి ఉంది. చేతిలోకి తీసుకోగానే తల వేరు, పొట్ట వేరు అయ్యాయి. లోపల నిండా ముదురు పసుపు, జిగురు లేదు, బంక లేదు. అక్కడే డాబా మీద కూర్చుని ఏడ్చాను.

అక్కకు ఫోన్ చేశాను. అరవాలనే చేశాను. "బాతు విరిగింది" అని మాత్రం అన్నాను.

"గది నేను కోపంల అన్న చెల్లే. నాకేం తెల్వది. మల్ల అచ్చినప్పుడు పట్కరా, అతికిస్త. అతికినట్టు తెల్వనే తెల్వది" అంది అక్క.

వద్దన్నాను. మా అమ్మాయి ప్రాజెక్టుల కోసం తెచ్చుకున్న తెల్ల జిగురు ఇంట్లోనే ఉంది. పొట్లంలోంచి చిటికెడు పసుపు కలిపి నేనే అతికించాను. నా చేతులు అక్క చేతులు కావు, గీత స్పష్టంగా కనబడుతుంది. షోకేసు ముందు నిలబడిన వాళ్ళు ఇప్పుడు మొదట ఆ గీతనే చూస్తారు. ఇది అంటించిందే కదా అని అడిగితే అవునంటాను. బాపు తెచ్చిన రోజు దానికి అతుకు లేదని చెప్పడం మానేశాను.