అక్క వేళ్ళ మీది గాట్లు

చలికాలం మొదలైందంటే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా అపార్ట్‌మెంటు ముందు బండి మీద అనపకాయలు కుప్పపోస్తారు. ఆ పచ్చి జిడ్డువాసన ముక్కుకు తగిలితే చాలు, నేను చిక్కపేట సందులోని మా మిద్దెలోకి, పదేళ్ళ వయసులోకి వెళ్ళిపోతాను.

అవ్వ, అమ్మ, అక్క, నేను నానిన గింజల గంగాళం చుట్టూ కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ వేళ్ళతో తొక్క పితికేవాళ్ళం. గింజ చటుక్కున ఎగిరి ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళు ఓడినట్టు. వేడి సంగటిలోకి ఆ పితికిపప్పు కూర ఉంటే, పదహారేళ్ళ మా శైలజక్క అందరికంటే ఒక ముద్ద ఎక్కువే తినేది.

ఆ ఏడు మాత్రం ఇంటిల్లిపాదికీ అక్క మీద అనుమానం. ఎండలో కూడా స్వెటరు విప్పదు. దువ్వెన నిండా వెంట్రుకలే. మనిషి చిక్కిపోతున్నా బుగ్గలు మాత్రం గవదలొచ్చినట్టు ఉబ్బి ఉండేవి. ఎవరినో ప్రేమించిందేమోనని అమ్మ పుస్తకాల సంచి వెతికింది. నాన్న కాలేజీదాకా వెనకాలే వెళ్ళి చూసొచ్చాడు. నన్ను కాపలా పెట్టారు. తినగానే అక్క స్నానాలగదిలో దూరి, బకెట్టు పొర్లిపోతున్నా కొళాయి కట్టకపోవడం నేను కనిపెట్టి, లోపల ఏదో దాస్తోందని అమ్మకు చెప్పాను. గదంతా గాలించినా ఏమీ దొరకలేదు. ఆనాటి నుంచి చాన్నాళ్ళు అక్క నాతో మాట్లాడలేదు.

ఒక మధ్యాహ్నం గింజలు పితుకుతూ పితుకుతూ అవ్వ అక్క కుడిచెయ్యి పట్టుకుంది. ముంజేతి మీద పసిపిల్లలకుండే నూగు, వేలి కణుపుల మీద కాయకాచిన ఎర్రటి గాట్లు.

"ఐసుగడ్డ మాదిరి ఉండాదే నీ చెయ్యి. ఈ గాట్లేంది?"

ట్రంకుపెట్టె మూత పడిందని చెప్పింది అక్క. అవ్వ ఆ చేతిని వెలుతురుకు తిప్పింది.

"మూత దినామూ ఒకే తావున పడుతుందా? పండ్లగాట్లివి. ఎవురు కొరికినారు?"

అక్క చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"నా పండ్లే అవ్వా. తిన్నది కడుపులో ఉంటే నాకు భయం. గొంతులో వేళ్ళు పెట్టుకుని కక్కేస్తాను."

అమ్మ చేతిలోని గింజలు చేతిలోనే ఉండిపోయాయి. అవ్వ తిట్టలేదు, ఆ చెయ్యి వదలనూ లేదు. మర్నాడే డాక్టరమ్మకు చూపించారు. ఇది పొగరూ కాదు, ప్రేమా కాదు, జబ్బని ఆవిడ చెప్పింది. నయం కావడానికి రెండేళ్ళు పట్టింది. నడుమ రెండుసార్లు తిరగబెట్టింది కూడా.

ఇప్పుడా మిద్దె లేదు, అక్కడ చీరల గోడౌను లేచింది. అవ్వా లేదు. మడివాళలో ఉండే అక్క ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తుంది, తృప్తిగా తింటుంది. నా దగ్గర నుంచి మాత్రం ఆ ఏడాది పోయిందొకటి మళ్ళీ రాలేదు. పద్నాలుగేళ్ళ మా అమ్మాయి "చాలమ్మా" అని కంచం ముందు నుంచి లేస్తే, ఆ మాటను ఉన్నదున్నట్టు నమ్మడం నాకిప్పటికీ చేతకాదు.